పాయలో మామగారి పళ్ళు

మా మామగారు కట్టుడుపళ్ళు వేసుకునే గ్లాసూ, మేము మంచినీళ్ళు తాగే గ్లాసూ ఒక్కలాంటివే. పడవ ఎక్కిన మొదటిరోజే నాకీ సంగతి తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పను, మీరు భోజనానికి కూర్చోబోతూ ఉండవచ్చు.

మామగారు హెడ్మాస్టరు. సోమవారం ఆయన పదవీవిరమణ సభ. ఆలోపు కుటుంబమంతా సముద్రం మీద సరదాగా గడపాలని తెరచాప పడవ అద్దెకు తీసుకున్నారు. కుటుంబమంటే ఆయన, అత్తగారు, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఆమెను చేసుకున్న పాపానికి నేను. పడవలో ఉన్నది ఒకటే గది. ఆయన కాళ్ళగోళ్ళు తీసుకునేది అందులోనే, తెల్లవారుజామున కాండ్రించి ఉమ్మేది అందులోంచే, సభలో ఇవ్వబోయే ఉపన్యాసం వల్లెవేసేదీ అందులోనే. "గౌరవనీయులైన పెద్దలకు, ప్రాణసమానులైన నా విద్యార్థులకు" అంటూ మొదలయ్యే ఆ ఉపన్యాసం నాకు నిద్రలో కూడా వినిపిస్తోంది.

మరుగుదొడ్డి అని చెప్పుకోవడానికి ఒక బకెట్ ఉంది. దాంట్లోది, చేపల పేగులు, అరటితొక్కలు, మిగిలిన అన్నం, అన్నీ ఆయన పడవ అంచు మీదుగా విసిరేస్తారు.

"చెత్తయినా ఒక సంచిలో వేసి ఒడ్డుకెళ్ళాక పారేద్దాం మామయ్యగారూ" అన్నాను.

"సముద్రమండీ అల్లుడుగారూ, సముద్రం! ఎంత వేసినా కడిగేస్తుంది. మీది మరీ సున్నితం."

నా భార్య నా చెయ్యి నొక్కి, "నాన్న స్వభావమే అంత, పట్టించుకోకండి" అంది. పెళ్ళయిన నాటినుంచీ ఇదే మాట. ఆయన ఏం చేసినా ఆ ఒక్క మాటతో తుడిచేస్తుంది. ఒక్కసారైనా నావైపు నిలబడితే చాలనుకుంటూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను.

మూడోరోజు పొద్దున్న, పోటు మీద, మామగారు పడవను ఒక ఇరుకు పాయలోకి తోలి నాచేత లంగరు వేయించారు.

"ఆటు వస్తే నీళ్ళుంటాయంటారా?" అన్నాను.

"మీకంటే ముందు పుట్టానండీ" అన్నారు.

నీళ్ళు కదలకుండా నిలబడ్డాయి. చేపలు కోసింది అక్కడే, వండింది అక్కడే, బకెట్ ఖాళీ చేసిందీ అక్కడే. తిన్నాక ఆయన పళ్ళు తీసి గ్లాసులో వేసి కునుకు తీశారు. లేచి, పక్కనున్న మురికినీళ్ళ గ్లాసు చూసి మండిపడ్డారు.

"ఎంగిలి గ్లాసులు ఇలా వదలొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని ముద్దముద్దగా అరిచి, గ్లాసులో ఉన్నదంతా బయటికి విసిరేశారు. బుడుంగుమని చప్పుడైంది. ఆయన చెయ్యి మెల్లగా నోటి మీదికి వెళ్ళింది.

తర్వాత ఆటు వచ్చింది. నీళ్ళు ఎటు పోయాయో పోయాయి, పడవ ఒకవైపుకు ఒరిగి బురదలో కూలబడింది. మేము పొద్దుటినుంచీ విసిరినదంతా చుట్టూ పరుచుకుని కనిపించింది. పేగుల మీద ఈగలు ముసిరాయి. బకెట్‌లోది పోల్చుకునేంత స్పష్టంగా ఉంది. వాటి మధ్యలో ఎర్రటి చిగుళ్ళతో మామగారి పళ్ళు, వాటి మీద ఒక పీతపిల్ల.

అత్తగారు మోకాళ్ళు పట్టుకుని అటు తిరిగి కూర్చున్నారు. మామగారు నన్ను చూడలేదు. గది గోడవైపు తిరిగి "గౌరవనీయులైన" అని గొణిగి చూసుకున్నారు. గాలి తప్ప ఒక్క అక్షరం సరిగా పలకలేదు. మళ్ళీ ప్రయత్నించారు. సోమవారం వేదిక మీద ఆ నోటితో నిలబడాలి. ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలేసింది, ఆ జాలి పుట్టినందుకు నా మీద నాకే రోత కలిగింది.

ప్యాంటు పైకి మడిచి దిగాను. మోకాళ్ళదాకా కూరుకుపోయాను. కాలికింద మెత్తగా తగిలింది బురదో కాదో ఆలోచించకుండా, ఊపిరి బిగబట్టి నడిచి, పీతను దులిపి, పళ్ళు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన మంచినీళ్ళ క్యాను దాదాపు సగం ఒంపి వాటిని కడుక్కున్నారు. నోట్లో బిగించుకున్నారు. ఒకసారి టకటకలాడించారు.

"ఆ కాళ్ళతో ఎక్కకండి అల్లుడుగారూ, పడవ పాడవుతుంది."

"కడుక్కోవడానికి కాసిని నీళ్ళివ్వండి."

"అవి తాగేనీళ్ళండీ! పోటు రానివ్వండి, అదే కడిగేస్తుంది."

అక్కడే నిలబడ్డాను. పైన ఆయన గొంతు సవరించుకుని, ప్రతి అక్షరం గంట కొట్టినట్టు పలుకుతూ ఉపన్యాసం ఎత్తుకున్నారు. "విద్యార్థులారా, పరిశుభ్రతే మనిషికి మొదటి సంస్కారం..." నేను నా భార్యవైపు చూశాను. స్వభావమే అంత అంటుంది, అననీ, అనుకున్నాను.

ఆమె చెప్పులు విప్పింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పడవ అంచు మీదినుంచి జారి బురదలోకి దిగి, నా పక్కన వచ్చి నిలబడింది.

ఉపన్యాసం ఆగింది. "నువ్వెందుకు దిగావే ఆ కంపులోకి?" అన్నారు మామగారు.

"ఇక్కడే కాస్త నయంగా ఉంది నాన్నా."