రంగు తిరగని నీళ్ళు

తనిఖీ అధికారిణి చిన్న గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అందులో పూల్ నీళ్ళు. ఆమె వేసిన మాత్ర అప్పుడే కరిగింది. నీళ్ళు గులాబీ రంగుకు తిరగాలి.

తిరగలేదు.

"సున్నా," అంది మాస్కు వెనక నుంచి. "నీళ్ళలో క్లోరిన్ లేదు. తెరవడానికి ఒప్పుకోను."

నీళ్ళాయన ముందుకు వంగి గొట్టంలోకి చూశాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆ కాలనీ పూల్‌ని చూసుకుంటున్నాడు కాబట్టి అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. మహమ్మారి పుణ్యమా అని పూల్ మూతపడి పదకొండు నెలలు. ఇవాళ సాయంత్రం ఐదులోపు తనిఖీలో నెగ్గితే తెరుచుకుంటుంది. నెగ్గకపోతే మళ్ళీ వచ్చే ఏడాదే.

అతని భార్యకు అంత గడువు లేదు. అదే జబ్బుతో నలభై రోజులు ఆసుపత్రి మంచం మీద ఉండి, ప్రాణం దక్కించుకుని, కాళ్ళలో సత్తువ పోగొట్టుకుని వచ్చింది. "నేల మీద ఈ కాళ్ళు ఆమె బరువు మోయలేవు, నీళ్ళలో అయితే మోస్తాయి. ఈ రెండు నెలల్లో నడిపించకపోతే ఇక ఆశ వదులుకోవాలి," అన్నాడు డాక్టరు. చుట్టుపక్కల ఉన్నది ఈ ఒక్క పూలే. ఆవిడ పొద్దున్నే ఈత దుస్తులు వేసుకుని, పైన తువ్వాలు కప్పుకుని, చక్రాల కుర్చీలో గట్టు మీద ఎదురుచూస్తోంది.

"రోజూ మందు వేశానన్నావు కదా బావా?" అన్నాడు లైఫ్‌గార్డు. అతను ఆవిడ తమ్ముడే. 

"వేశాన్రా! మీ అక్క దిగే నీళ్ళని లెక్క కంటే ఒక డబ్బా ఎక్కువే వేశాను."

"మరి ఎవరు తాగారు? నువ్వేనా?"

నీళ్ళాయన సామాన్ల గదిలోకి పరిగెత్తి క్లోరిన్ పొడి బకెట్ తెచ్చాడు. "రెండు డబ్బాలు పోస్తాను మేడమ్, పది నిమిషాలాగి మళ్ళీ చూడండి." మూత తీశాడు. డబ్బా ముంచాడు.

"ఏవండీ, ఆగండి!"

భార్య కేకకు అతని చెయ్యి గాల్లోనే ఆగింది.

"మీ ప్యాంటు ఏ రంగు?"

"ఇప్పుడు ప్యాంటు గొడవేంటే? నీలం."

"ఒకసారి చూసి చెప్పండి."

చూసుకున్నాడు. మోకాళ్ళ దగ్గర నుంచి కింద దాకా తెల్లగా పాలిపోయింది. రోజూ తడి గట్టు మీద మోకాళ్ళూని పలకలు తోమిన చోటల్లా అంతే.

"పదిహేనేళ్ళు లాండ్రీ నడిపాను," అందావిడ. "ఎండకు వెలిసిన రంగేదో, మందు తినేసిన రంగేదో నాకు తెలుసు. నెల కిందట కొన్న ప్యాంటిది. నీళ్ళలో మందే లేకపోతే దీన్నెవరు తిన్నారు? మీ మాత్ర రంగునీ ఆ మందే తినేసిందేమో చూడండి మేడమ్."

అధికారిణి చేతిలోని గొట్టాన్ని మళ్ళీ చూసింది. "నిజమే. మందు మరీ ఎక్కువైతే రంగు పుడుతూనే చస్తుంది. కానీ అంత ఉంటే ఘాటు ముక్కు పగలగొట్టాలే?"

"మా ఇద్దరికీ వాసన పోయి ఎనిమిది నెలలు మేడమ్," అన్నాడు నీళ్ళాయన.

లైఫ్‌గార్డు తన రెండు మాస్కులూ కిందికి లాగి గట్టిగా పీల్చాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "అమ్మో! బావా, ఇందులో అక్కని దింపితే ఉతికి ఆరేసినట్టే!"

"మాస్కు పైకి!" అంది అధికారిణి.

ఒక చెంచా పూల్ నీళ్ళకు తొమ్మిది చెంచాల తాగే నీళ్ళు కలిపింది. కొత్త మాత్ర వేసింది. ఈసారి గులాబీ రంగు గుప్పున వచ్చింది.

"పదింతలు లెక్కేస్తే పదిహేను. ఉండాల్సింది ఒకటి నుంచి మూడు."

నీళ్ళాయన చేతిలోని డబ్బా కింద పెట్టేశాడు. అతను ఇన్నాళ్ళూ వేసింది రోజుకు మూడు వందల మంది దిగే కాలపు కొలత. చేతికి అలవాటైపోయింది. ఒక్కరూ దిగని నీళ్ళకు, పైన టార్పాలిన్ కప్పి మరీ, అదే కొలతా, దాని మీద ఇంకో డబ్బానూ. "నా చేతులతో నేనే నీ దారి మూసేశానే."

"తీరిగ్గా ఇంటికెళ్ళి తిడతాను. ముందు ఆ టార్పాలిన్ తీయండి. ఎండకు ఏ మందైనా దిగాల్సిందే."

అధికారిణి ఇంకో గొట్టం, కొన్ని మాత్రలు తీసి ఆవిడ చేతికిచ్చి, సంచీ భుజానికి తగిలించుకుంది. "నాకింకా రెండు చోట్ల పనుంది. ఐదుకి పది నిమిషాల ముందు వస్తాను. మూడు దాటితే సంతకం పెట్టను. జాలిపడైనా పెట్టను."

బావా బావమరుదులు టార్పాలిన్ లాగేశారు. నీళ్ళు తిరిగేలా పంపు పెట్టారు. పన్నెండింటికి క్లోరిన్ పదకొండు. ఒంటిగంటకి ఏడు. రెండింటికి మబ్బు కమ్మింది.

మూడింటికీ ఏడే.

"కిందికి వదిలెయ్యరా!" అన్నాడు నీళ్ళాయన. అడుగు తూము తెరిచి పాత నీళ్ళు వదులుతూ, రెండు గొట్టాలతో కొత్త నీళ్ళు పట్టారు. ఆవిడ కుర్చీలోంచి గంట గంటకీ మాత్ర వేసి అంకె చెబుతూనే ఉంది. నాలుగింటికి ఐదు. నాలుగుంబావుకి ఎండ మళ్ళీ వచ్చింది.

చెప్పిన నిమిషానికే అధికారిణి గేటు తోసుకుని వచ్చింది. గొట్టం ఎత్తింది. లేత గులాబీ. తాగే నీళ్ళు కలిపీ చూసింది, కలపకుండానూ చూసింది.

"రెండున్నర."

సంతకం పెట్టింది. కాగితం ఇస్తూ, "నీళ్ళలో మనిషికీ మనిషికీ రెండు మీటర్ల దూరం. తెలుసుగా?"

"ఇరవై రెండేళ్ళ కాపురం మేడమ్," అందావిడ. "ఇప్పుడు దూరమంటే ఎలా?"

అధికారిణి కళ్ళు మాస్కు మీద నవ్వాయి. "ఒకే ఇంటివాళ్ళకు మినహాయింపు ఉంది లెండి."

తమ్ముడు అక్కను ఎత్తి మెట్ల దగ్గర దింపాడు. నీళ్ళాయన ముందే దిగి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. నీళ్ళు ఆవిడ ఛాతీ దాకా వచ్చాయి. పాదాలు అడుగున ఆనాయి. నిలబడింది.

ఆరు నెలల తర్వాత భర్త మొహాన్ని తలెత్తకుండా, ఎదురుగా చూసింది.

"ఇక వదలండి."

"ఇవాళ వద్దే."

"పొద్దున్నుంచీ మీరు చేసింది చాలు. అవతలి గట్టుకెళ్ళి నిలబడండి. ఎంతసేపు పట్టినా మీరు మాత్రం రావద్దు."

అతను వెళ్ళాడు. గట్టుకు వీపు ఆనించి, చేతులు రెండూ నీళ్ళలో దాచుకుని నిలబడ్డాడు. గట్టు మీద తమ్ముడు ఈల పెదాల మధ్య పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు.

ఆవిడ కుడికాలు ముందుకు తోసింది. ఆ కాలు తోసిన చిన్న అల ముందుగా వచ్చి అతని ఛాతీకి తగిలింది. తర్వాత రెండోది.