తుడవని బొట్టు

ఫ్యాక్టరీ సీలు తన చేత్తో ఇప్పుడే తెంచిన కొత్త జనరేటరు తలుపు వెనక, పొగమసి కింద ఎండిపోయిన మూడు కుంకుమ బొట్లు చూసి ఫర్జానా ఇంకాస్త దగ్గరికి వంగింది.

అలాంటి జనరేటర్లు ఎనిమిది. యుద్ధం ముగిసిన దేశంలో మళ్లీ కడుతున్న ఆసుపత్రులకు ఇంకో దేశపు ప్రభుత్వం తన ప్రజల సొమ్ముతో పంపుతున్నవి. ఆ సొమ్ము పక్కదారి పట్టకుండా చూసే తనిఖీ విభాగం తరఫున దుబాయిలోని ఈ జెబెల్ అలీ రేవు గోదాములో ఫర్జానా సంతకం పెడితేనే అవి ఓడ ఎక్కుతాయి. ఓడ రెండింటికి. ఇప్పుడు పన్నెండున్నర.

ప్రొద్దుటూరులో ఆమె నాన్నది ఇంజన్ల షెడ్డు. దసరా వస్తే పనివాళ్లు ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టేవారు. మరి ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో ఆయుధపూజ చేసిందెవరు?

రెండోది తెరిచింది. మూడు బొట్లు. మూడోదీ అంతే. నడిచిన గంటలు లెక్కేసే మీటర్లన్నీ సున్నా చూపిస్తున్నాయి. గోటితో గీకితే ఆకుపచ్చ రంగు లేచి, కింద తుప్పు బయటపడింది.

"సీలు చూస్తే చాలదా చెల్లెమ్మా, లోపలేముంటాది?" అని పొద్దుట్నుంచీ భీమరాజు నవ్వుతూనే ఉన్నాడు. గోదాము సూపర్‌వైజరు, అమలాపురం మనిషి. ఆమెకు రెండుసార్లు చాయ్ కూడా తెప్పించాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

ముదీర్, అంటే గోదాము మేనేజరు, ఫోను చెవికి అంటించుకునే వచ్చాడు. ట్రక్కులు ఎండలో నిలబడ్డాయని, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని హిందీలో కసిరాడు. లేబర్ ఎవడో సరదాకి పూసి ఉంటాడట. తుడిచేస్తే ఖలాస్.

ఫర్జానా పెన్ను తీసింది. బొట్లు తుడిస్తే సంతకం పెడతానంది. ఆమె చూపు మాత్రం అక్కడున్న ఏడుగురి మొహాల మీద ఉంది.

రంగులేసే అమీర్ జాన్ థిన్నరులో గుడ్డ ముంచి ముందుకొచ్చాడు. గుడ్డ బొట్టుకు బెత్తెడు దూరంలో ఉండగా, వెనకనుంచి ఒక చెయ్యి అతని మణికట్టు ఒడిసి పట్టుకుంది.

భీమరాజు చెయ్యి. పట్టుకున్నాక గానీ తనేం చేశాడో అతనికే తెలియలేదు.

ఫర్జానా పెన్ను మూసింది. ట్రక్కులు వెనక్కి తిప్పమని గేటుకు ఫోను చేసి, అతని దగ్గరకు నడిచింది.

"ఆ బొట్టు పెట్టింది నువ్వేనా అన్నా?"

అతను చెక్కపెట్టె మీద కూలబడ్డాడు.

"నేనేనమ్మా. లేబర్ క్యాంపులో ఏడు దసరాలు ఈటికి నేనే బొట్టెట్టేను. క్యాంపు ఎత్తేసినప్పుడు తుక్కు కింద నేనే కొన్నాను. కొత్తయి కల్బా ఊళ్లో అమ్మేసి, ఈటికి రంగేయించేను. పాపం అమీర్‌కేం తెలీదు. మీటర్లు నేనే తిప్పేను, సీళ్లు నేనే ఏసేను. ఆపరేషన్ మధ్యలో ఆగిపోతాయనీ తెలుసు. అయినా అన్నీ చేసేను. ఆ బొట్టు తుడవడానికే చెయ్యాడలేదు చెల్లెమ్మా."