నువ్వు చావవు, ఎబ్

కెంటకీ కొండల్లో ఎన్నికలంటే ఓట్లతో పాటు పళ్లూ రాలతాయి. ఆ ఏడాది జడ్జి పదవికి లాయరు ల్యూషియస్ ప్రాటర్ నిలబడ్డాడు. అతని తమ్ముడు డెల్ పొద్దున్నే ఓట్లు వేసే బడి దగ్గర తుపాకీ మడమతో ఒకడి దవడ విరగ్గొట్టాడు. మధ్యాహ్నానికి ఇంకొకడి చెవి తెగ్గోశాడు. అంతా అన్న కోసమేనట! అలాంటి తమ్ముడు పగవాడికి కూడా వద్దు.

ఇంతలో బడి వెనక తుపాకీ పేలింది. ల్యూషియస్ పరుగెత్తి చూస్తే, అవతలి పార్టీ మనిషి ఎబ్ కూంబ్స్ కట్టెల గుట్ట పక్కన కడుపు పట్టుకుని పడి ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు బుడబుడా కారుతోంది. కాల్చినవాడు అడవిలోకి పారిపోయాడు. కళ్లారా చూసినవాళ్లు లేరు. జనం చుట్టూ మూగారు.

"డెల్ కాల్చాడు లాయరూ! నా చేతిలో చాకైనా లేదు," అన్నాడు ఎబ్.

ల్యూషియస్ బుర్ర జాలి కంటే ముందు చట్టం దగ్గరికి పోయింది. చావు తప్పదని తెలిసినవాడు చెబితేనే అక్కడి కోర్టు ఆ మాటను సాక్ష్యంగా తీసుకుంటుంది. బతుకుతాననే ఆశ పిసరంత ఉన్నా అది చెల్లదు. చెల్లిందా, తమ్ముడికి ఉరి ఖాయం.

"నా పని అయిపోయిందా?" అడిగాడు ఎబ్.

"ఛ! ఈ మాత్రానికే చస్తారటయ్యా? నువ్వు చావవు, ఎబ్," అన్నాడు ల్యూషియస్, అందరికీ వినపడేలా. గుంపులోంచి పాస్టరు వచ్చి మోకరిల్లబోతే కసిరాడు. "బతికే మనిషిని ప్రార్థనలతో బెదరగొట్టకండి!"

ఎబ్ భార్య ఓర్లీనా రొప్పుతూ వచ్చింది. "పిల్లల్ని తీసుకురానా?"

"వద్దే, జడుసుకుంటారు. నేను బతుకుతానని లాయరు చెబుతున్నాడుగా. ఇంటికి పో, ఆవు అరుస్తుంటుంది."

ఆమె నమ్మి వెళ్లింది. ఇల్లు చేరకముందే ఎబ్ నెత్తురు కక్కుకుని, ల్యూషియస్ ఒళ్లోనే చచ్చిపోయాడు. లాయరుది ఎంత దయగల గుండెరా అనుకున్నారు జనం.

ల్యూషియస్ గెలిచాడు. జడ్జి కుర్చీ ఎక్కేలోగా, దొరికిపోయిన తమ్ముడి తరఫున వాదించడానికి నిలబడ్డాడు. సాక్షి బోనులో ఓర్లీనా ఉంది.

"మీ ఆయన తను చనిపోతానని అనుకున్నాడా అమ్మా?"

"లేదయ్యా. మీరు బతుకుతావన్నారు, నమ్మాడు. లేకపోతే నన్ను పంపేవాడా? పిల్లల్ని కడసారి చూసుకునేవాడు కాదూ?"

అయితే ఎబ్ మాట చెల్లదన్నాడు పాత జడ్జి. వేరే సాక్ష్యం లేదు కాబట్టి డెల్‌ను వదిలేయమన్నాడు. ఓర్లీనా బోను కమ్మీ పట్టుకుని ల్యూషియస్ వైపు తిరిగింది.

"అందుకా అయ్యా? అందుకా మీరు అలా చెప్పింది?"

ఆమె తిట్టినా బాగుండేది. ల్యూషియస్‌కి తన మీద తనకే రోత పుట్టింది. అప్పుడే డెల్ వచ్చి వీపు మీద చరిచాడు. "నీ నోరు బంగారం అన్నయ్యా!"

ల్యూషియస్ వాడి గొంతు పట్టుకుని మొహం బల్లకేసి కొట్టాడు. ముక్కు పగిలింది. మళ్లీ కొట్టాడు. వాడు ఏడుస్తున్నా వదల్లేదు. నలుగురు పట్టి లాగేసరికి బల్లంతా నెత్తురే. అప్పటికే ఓర్లీనా, కోర్టు బయట కూర్చోబెట్టిన పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది.