గట్టు మీద పరుగు

అంట్లగిన్నెల మధ్య ఒక జత బూట్లు కూడా ఉన్నాయి. గంగమ్మ అన్నం గిన్నె తోమి బోర్లించింది, చేపల కూర చట్టి తోమి బోర్లించింది, ఇక మిగిలినవి అవే కాబట్టి వాటిని చేతిలోకి తీసుకుంది. చెరువు గట్టు మీది నల్లమట్టి అడుగున గాడుల్లో ఇరుక్కుని ఎండిపోయింది. చీపురుపుల్లతో గీకుతూ, వీటికి సబ్బు పెట్టాలో, చట్టికి వాడిన బూడిదే చాలో తేల్చుకోలేక కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. చివరికి సబ్బే పెట్టింది.

ఈమధ్య ఆమెకు ఇలా తేలని సంగతులు ఎక్కువయ్యాయి.

కూతురు భాను ఏలూరులో డిగ్రీ చదువుతోంది. పొద్దున కొల్లేటి లంకలోని తమ ఊరి నుంచి ఆటోలో వెళ్ళి సాయంత్రానికి వస్తుంది. కాలేజీలో పెర్సిస్ అనే స్నేహితురాలు రోజూ పరిగెత్తడం చూసి తనూ మొదలుపెట్టింది. సరే, ఆరోగ్యానికి మంచిదేమో అనుకుంది గంగమ్మ. ఇప్పుడు ఆ పిల్లా ఈ పిల్లా కలిసి విశాఖపట్నం వెళ్తారట. అక్కడ సముద్రం ఒడ్డున హాఫ్ మారథాన్ అనే పరుగుపందెం ఉందట.

"గెలిస్తే ఏమిస్తారే?" అని అడిగింది గంగమ్మ.

"నేనెక్కడ గెలుస్తానమ్మా! వేలమంది వస్తారు."

"మరి గెలవనని తెలిసీ ఎందుకెళ్ళడం?"

"ఆఖరిదాకా పరిగెడితే మెడల్ ఇస్తారు. అందరికీ."

"అందరికీ ఇచ్చేదాన్ని మెడలంటారా? ప్రసాదం అంటారు గానీ."

భాను పడీపడీ నవ్వింది. గంగమ్మకు నవ్వు రాలేదు. "ఎంత దూరమేంటి?"

"ఇరవై ఒక్క కిలోమీటర్లు. ఇంచుమించు మన లంక నుంచి ఏలూరంత."

"అయితే ఏలూరికే పరిగెత్తవే. ఏలూరంత దూరం పరిగెత్తడానికి ఆటోలో ఏలూరెళ్ళి, అక్కడ రైలెక్కి వైజాగెళ్ళడమేంటి?"

"అదలా కాదమ్మా."

"మరెలా?"

భాను జడ విప్పి మళ్ళీ అల్లుకోసాగింది.

"పోనీ, అంత దూరం పరిగెత్తి ఎక్కడికి చేరతారు?"

"మళ్ళీ బయల్దేరిన చోటికే."

గంగమ్మ ఇంక అడగడం మానేసింది.

కొల్లేటి లంకల్లో గట్టు మీద ఊరికే ఎవరూ పరిగెత్తరు. ఎవరైనా పరిగెత్తారంటే గట్టుకు గండి పడి ఉండాలి. లేదంటే తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోయి, చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతూ ఉండాలి. ఆ గంటలో మోటార్లు వేసి కొత్తనీరు తోడకపోతే ఏడాది కష్టం వెల్లకిలా తేలుతుంది. అందుకే పరిగెత్తే మనిషి కనబడితే ఎవరి చెరువని అడగరు. చూసినవాళ్ళు చూసినట్టే లేచి వెళ్ళిపోతారు.

ఇది భానుకు తెలియక కాదు. కాలేజీకి సెలవులిచ్చారు, పరిగెత్తడానికి ఇక్కడ ఇంకో దారి లేదు. గట్టెక్కింది.

ఆ రోజు పొగమంచు. కాపలా పాక ముందు వేపపుల్ల నములుతున్న సత్తిబాబుకు మంచులో పరిగెడుతున్న ఆకారం కనబడింది. "తేలిపోయాయిరోయ్!" అని ఒక్క కేక పెట్టాడు. అతని భార్య కనకమ్మ వెళ్ళి మోటారు వేసింది. ఆ చప్పుడు విని పక్కచెరువు మోటారు లేచింది, దాని వెనక ఇంకోటి. ఆక్సిజన్ బిళ్ళల బస్తాలు భుజాన వేసుకుని మగాళ్ళంతా భాను వెనక పడ్డారు. ఇంతమంది తన వెంట ఎందుకు పడుతున్నారో అర్థంకాక పిల్ల హడలిపోయి వేగం పెంచింది. పిల్ల వేగం పెంచిందంటే గండే పడిందని వాళ్ళూ వేగం పెంచారు. చివరి తూము దగ్గర గట్టు అయిపోయాక గానీ ఎవరూ ఆగలేదు.

"ఏ చెరువే?" అన్నాడు సత్తిబాబు రొప్పుతూ.

"ఏ చెరువేంటి మావయ్యా?"

"చేపలెక్కడ తేలాయి?"

"చేపలేంటి మావయ్యా?"

బస్తాలు కింద పెట్టి కొందరు నవ్వారు. కొందరికి నవ్వే ఓపిక కూడా లేదు.

ఆ సాయంత్రం సత్తిబాబు వీళ్ళ ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని చిరిగిన వల అల్లుతున్న గంగమ్మ మొగుడు అంకయ్యకు ఎదురుగా కూర్చున్నాడు. "నవ్వులకేం గానీ బావా, ఒక్కమాట. రేపట్నుంచి గట్టు మీద ఎవరు పరిగెత్తినా, అంకయ్య గారి భాను కాబోలులే అని మనోళ్ళు దుప్పటి ముసుగేస్తారు. నిజంగా చేపలు తేలిన రోజున పిలుపు ఎలా అందుద్దండీ?"

గంగమ్మ గుమ్మంలో నిలబడి వింది. అది మాత్రం ఆమెకు బాగా అర్థమైంది. అంకయ్య వలలో ముడి వేసి, పళ్ళతో దారం తెంపి, ఇంకో చిరుగు వెతుక్కున్నాడు.

మర్నాడు తెల్లారకముందే భాను గడపలో తటపటాయిస్తూ నిలబడితే, అంకయ్య లేచి సైకిల్ తీశాడు. వెళ్ళమని గానీ వద్దని గానీ అనలేదు. భాను పరిగెత్తింది. ఆయన వెనకాల నింపాదిగా తొక్కుకుంటూ వెళ్ళాడు. తలపాగా చుట్టుకుని, చుట్ట కాలుస్తూ సైకిల్ మీద సాగే అంకయ్యను చూసి చేపలు తేలాయని ఎవరూ అనుకోరు. సత్తిబాబు పాకలోంచి చెయ్యి ఊపాడు. రోజూ అదే వరస.

గంగమ్మకు మాత్రం మనసు ఒకచోట నిలవలేదు. ఈయన పిల్లకు కాపలా వెళ్తున్నాడా, పిల్ల నుంచి ఊరికి కాపలా వెళ్తున్నాడా? ప్రయాణం దగ్గర పడుతోంది. పులిహోర కలపాలా వద్దా అన్నది కూడా ఆయన మాట మీదే ఆధారపడి ఉంది.

"ఏవండీ, పిల్లని పంపుతున్నట్టా, లేనట్టా?"

"ఊఁ," అన్నాడు అంకయ్య.

"ఊఁ అంటే?"

"చూద్దాంలే."

ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు గంగమ్మ కూతురితో నెమ్మదిగా అంది. "నాన్న వద్దంటే ఏం చేస్తావు?"

"మానేస్తాను." అని కంచంలో చేపముల్లు ఏరింది భాను. ఏరిన ముల్లునే మళ్ళీ ఏరింది.

"అంత ఇష్టమేంటే అందులో?"

"నాకూ సరిగ్గా తెలీదమ్మా. మొదట్లో ఊపిరాడదు. చాలా దూరం పోయాక సర్దుకుంటుంది. అప్పుడు బాగుంటుంది."

"ఇంట్లో కూర్చుంటే మొదట్నుంచీ సర్దుకునే ఉంటుందిగా."

భాను నవ్వలేదు ఈసారి.

అంకయ్య మామూలుగానే తక్కువ మాట్లాడతాడు. చెరువులో చేపలు పట్టే పట్టుబడి రోజైతే అదీ ఉండదు. ఆ ఇంట్లో చేపలు పట్టడానికి బయల్దేరే మనిషికి ఒక పద్ధతి ఉంది. ముందుగా ఒకరు గడప మీద చెంబుతో నీళ్ళు పెడతారు. వెళ్ళే మనిషి ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కుని, మాటా పలుకూ లేకుండా దిగిపోతాడు. ఇంట్లో ఉన్నవాళ్ళూ నోరు మెదపరు, వెనక నుంచి పిలవరు. గంగమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఇది తెలియక "ఏవండీ, చద్దన్నం తినెళ్ళండీ!" అని కేకేసింది. అంకయ్య వెనక్కి వచ్చాడు. వలని గోడకు ఆనించాడు. ఆ రోజు ఇక వెళ్ళలేదు. ఒక్కమాట అనలేదు గానీ, ఆ గోడకు ఆనించిన వల ఆమెకు ఇప్పటికీ గుర్తే.

ప్రయాణం రోజు వచ్చింది. రాత్రంతా వాన కురిసి తెల్లారేసరికి తెరిపిచ్చింది. చెప్పేవాళ్ళు లేకపోయినా గంగమ్మ పులిహోర కలిపి డబ్బాకెత్తి, భాను సంచిలో పెట్టేసింది. వెళ్ళకపోతే ఇంట్లోనే తినొచ్చు అనుకుంది.

ముగ్గు వేద్దామని గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. గడప మీద చెంబు ఉంది. అంచుదాకా నీళ్ళు.

ఇవాళ పట్టుబడి ఎవరి చెరువులో? తనకు చెప్పలేదేం? తిరిగి చూస్తే వల గోడకే వేలాడుతోంది. వాకిట్లో అంకయ్య సైకిల్ స్టాండు తీస్తున్నాడు. వెనక క్యారేజీకి భాను సంచి తాడుతో గట్టిగా కట్టి ఉంది.

గంగమ్మ చెయ్యి నోటి దగ్గరికి పోయింది.

భాను తల దువ్వుకుని లోపల నుంచి వచ్చింది. చెంబు చూసి నిలబడిపోయింది. తండ్రి వైపు చూసింది. ఆయన చెరువు వైపు చూస్తున్నాడు. తల్లి వైపు చూసింది. గంగమ్మ నోట్లో జాగ్రత్త అనే మాట, ఫోన్ చెయ్యి అనే మాట, ఇంకా ఏవేవో ప్రశ్నలు తోసుకుంటూ ఉన్నాయి. అన్నిటినీ మింగేసి తల ఊపింది. భాను వంగి చెంబు అందుకుంది. ఒక కాలు కడిగింది. రెండో కాలు కడుగుతుంటే సగం నీళ్ళు గడప బయట పడ్డాయి. తడికాళ్ళతోనే హవాయి చెప్పులు తొడుక్కుని వాకిట్లోకి దిగింది. ఏమీ అనలేదు.

వానకు గట్టు జారుతోంది కాబట్టి అంకయ్య సైకిల్ ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళాడు. పక్కనే భాను. వాళ్ళ కోసం కల్వర్టు దగ్గర ఆటో ఆగి ఉంటుంది.

గంగమ్మ చాలాసేపు చూసింది. పరుగు ఎందుకో ఆమెకు ఇప్పటికీ తెలియలేదు. పిల్ల మాత్రం వెళ్తోంది. చెంబు లోపల పెడదామని వంగినప్పుడు అరుగు కింద తెల్లగా ఏదో కనబడింది.

బూట్లు. నిన్న తను సబ్బు పెట్టి కడిగినవి, వాన తగలకుండా లోపలికంటా నెట్టి ఆరబెట్టినవి.

తలెత్తి చూసింది. వాళ్ళు సత్తిబాబు పాక కూడా దాటారు. ఒక్క కేక వేస్తే వినబడేంత దూరమే. ఆమె నోరు తెరిచింది. గోడకు వేలాడుతున్న వల చూసి మూసింది.

నడిస్తే ఆటో అందదు. అదీ తెలుసు. గట్టు మీద, పాక ముందు, సత్తిబాబు వేపపుల్లతో నిలబడి ఉన్నాడు.

గంగమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది. చెరో చేతిలో ఒక బూటు పట్టుకుంది. గడప దాటి, ఒక్కమాట పలక్కుండా, గట్టెక్కి పరుగందుకుంది.