హనుమక్క కట్టిన చీరపేలిక

ఇరం, ఆ ఫోన్ పక్కన పెట్టి ఇలా నా దగ్గరికొచ్చి కూర్చో బేటీ. హనుమక్క సంగతి ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్తున్నారు. ఆమె నాతో చెప్పింది చెప్తాను, విను.

ఆమెది కడప వైపు. ఇక్కడే అల్ తుమామాలో ఒక అరబ్బుల ఇంట్లో పన్నెండేళ్లు పిల్లల్ని చూసుకుంది. మొన్న ఎండాకాలం వాళ్లు యూరప్ వెళ్తూ ఆమెనూ తీసుకెళ్లారు. ఆ ఊరి పేరుకు నా నోరు తిరగదు. సామాను చూసుకోవడం ఆమె డ్యూటీ. విమానం ఎక్కేటప్పుడు మనవాళ్లు పెట్టెలకు గుర్తుగా గుడ్డ కడతారు కదా, అలాగే తన పాత చీర చింపి ప్రతి బ్యాగుకూ ఒక పేలిక కట్టింది.

హోటల్ ఖాళీ చేసిన రోజు, ఊరి నడిమధ్య బెంచీ దగ్గర సామానుతో కూర్చుంది. మేడమ్ దుకాణాల్లో ఉంది. పేలిక లేని నల్ల బ్యాగు ఒకటి కనిపించింది. మేడమ్‌కూ అలాంటివే ఉన్నాయి. ఊడిపోయిందేమో అనుకుని ఇంకో పేలిక కట్టేసింది, పిచ్చిది.

వ్యాన్ వచ్చాక చూస్తే ఒక బ్యాగు ఎక్కువ. ఇది మాది కాదు, ముట్టుకోవద్దు అని ఆమే ఆపింది. పోలీసులొచ్చి జనాన్ని పంపేసి చూస్తే లోపల బాంబు! తీగ సరిగా కలవక పేలలేదట.

ఈ గుడ్డ ఎవరిదని అడిగారు. నోరెత్తకు, యల్లా, బండెక్కు అని మేడమ్ చెయ్యి పట్టి లాగింది. ఎక్కితే సాయంత్రానికి విమానంలో ఉండేది. కానీ ఆ గుడ్డ కట్టింది ఆయనేమో అని, అక్కడ పూలమ్ముకునే ముసలాయన్ని పోలీసులు పక్కకు తీసుకెళ్లారు. ఈమె అది చూసింది. వెనక్కి వెళ్లి, వచ్చిన హిందీలోనే చెప్పింది.

"నాదే సార్. ఆ పేలిక నేనే కట్టినా. ఆయప్పకేం తెలీదు, ఇడిసిపెట్టండి."

ఎందుకు కట్టావని ఫోన్‌లో హిందీ మనిషిని పెట్టి పదిసార్లు అడిగారట.

"ఇమానంలో మీ పెట్టె ఎప్పుడూ పోలేదా సార్?" అందట ఈమె.

రెండు రోజులు ఉంచుకున్నారు. కెమెరాల్లో బ్యాగు పెట్టినవాడు దొరికాక, మర్యాదగా విమానం ఎక్కించారు. కానీ ఇక్కడ ఆ ఇంటివాళ్లు, పని మాఫీ, ఇక లేదు పో అనేశారు. బాంబు మోసిందంటూ మన ఫరీజ్‌లో, ఈ వాడంతా పుకారు లేచింది. ఇంకో ఇల్లు దొరక్కపోతే నెలాఖరుకు ఆమె దేశం వెళ్లిపోవాలి.

మన పక్కింటి జకియా పనిచేసే ఇంట్లో ఆయా కావాలట. ఆ ఇంటావిడ సాయంత్రం మనకు ఫోన్ చేస్తుంది. నాకా అరబ్బీ రాదు, నీకు వచ్చు. పొరపాటు చేసిన సంగతి దాచకు. తప్పించుకునే దారి ఉండీ వెనక్కి వెళ్లిన సంగతి మరిచిపోకు. గుర్తు పెట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పు బేటీ.