పని లేని పిలుపు

ఏ పనీ లేకుండా మీ పేరును చివరిసారి ఎవరు పిలిచారు? ఉప్పు అందించమని కాదు, కరెంటు బిల్లు కట్టావా అని అడగడానికీ కాదు. ఊరికే. తొందర లేదు, గుర్తు చేసుకోండి.

నిహాల్‌కు ఇలాంటి ప్రశ్నలకు తీరిక ఉండేది కాదు. కైరోలో ఒక పళ్ల డాక్టరు దగ్గర పేర్లు పిలిచే ఉద్యోగం ఆమెది. "మదామ్ సుహైర్, లోపలికి రండి." "మీరు కాదండీ, మీ తర్వాత." సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. అమ్మ పోయాక షుబ్రా పేటలోని రెండు గదుల ఇంట్లో ఆ గొంతుకు పనే లేదు.

వీలున్న వారాంతాల్లో స్నేహితులతో సినాయ్ కొండలకు వెళ్లేది. వెళ్లేది అనడం తప్పు, తీసుకెళ్లేది. మైక్రోబస్సు మాట్లాడేదీ, ట్యూనా డబ్బాలు కొనేదీ, చెక్‌పోస్టుల్లో చూపించడానికి అందరి గుర్తింపు కార్డులూ దగ్గర పెట్టుకునేదీ తనే. తామిర్ దుప్పటి మర్చిపోతాడని ముందే తెలిసి, వీపు మీద రెండు దుప్పట్లు మోసేది.

"నిహాల్, లైటరేదీ?"

"నిహాల్, నా తలనొప్పి బిళ్లలు నీ సంచిలో పడేశానా?"

"ఒసే నిహాల్, ఇటొచ్చి ఒక ఫొటో తియ్యి. ఈసారైనా నా తల తెగ్గొట్టకు!" అని ఇంజీ.

శుక్రవారం మధ్యాహ్నం ఎర్రరాతి గోడల మధ్య ఒక ఇరుకు లోయలో దారి చూపించే ఉమ్ మిస్లిహ్ ఆగింది. మేకల వెంట ఆ కొండల్లోనే ముసలిదైన బెడూయిన్ తెగ మనిషి.

"పిలుచుకోండి మరి. పొద్దు వాలకముందే రాత్రి బసకు బాదం తోట చేరాలి," అంది.

అక్కడి ప్రతిధ్వని సంగతి అందరికీ తెలిసిందే. మనం మన పేరు అరిస్తే మన గొంతు తిరిగి రాదు. ఎక్కడో ఎవరో ఏ పనీ పెట్టుకోకుండా మనల్ని తలచుకుని పిలిచి ఉంటే, ఆ గొంతు వస్తుంది. పనున్న పిలుపుల్ని ఆ కొండలు మోయవు. పోయినవాళ్ల పిలుపులు మోసే బలం వాటికి లేదు. ఎందుకలా అని ఎవరూ అడగరు. మేక నిట్టనిలువు బండ ఎక్కుతుంటే ఎందుకని అడుగుతామా?

తామిర్ తన పేరు అరిచాడు. తంతా ఊళ్లో ఉన్న వాళ్లమ్మ గొంతు రాళ్లలోంచి తీరిగ్గా వచ్చింది. "చూడు, ఇక్కడా సాగదీసే పిలుస్తుంది," అని నవ్వుతూ ముఖం అటు తిప్పుకున్నాడు. ఇంజీకి ఒక గొంతు కాదు, చాలా వచ్చాయి. అందులో ఒకటి వాళ్ల చిన్నాన్న పెంచే చిలకది.

నిహాల్ అరిచింది. రాళ్లు ఊరుకున్నాయి.

"గాలి పడిపోయినట్టుందే," అంది ఇంజీ.

"అవును," అంది నిహాల్. "పదండి, పుల్లలు ఏరుకోవాలి."

ఆ కొండల్లో దారి రెండుగా చీలిన చోట, ముందు నడిచేవాళ్లు వెళ్లకూడని వైపు అడ్డంగా రాళ్ల వరుస పేరుస్తారు. అందరికంటే వెనక వచ్చేవాళ్లు ఆ రాళ్లు తీసేయాలి. లేకపోతే మర్నాడు మేకలతో అటు వెళ్లాల్సినవాళ్లు తికమకపడతారు. చివర నడిచేది ఎప్పుడూ నిహాలే. ఆ రోజు బూటు తాడు కట్టుకునే వంకతో ఒక బండ చాటున కూర్చుంది. ఏడుపు ఎవరి కంటా పడకూడదని. తామిర్ వెనక్కి చూశాడు. ఎవరూ కనిపించలేదు. తానే చివరనుకుని ఎంతో బాధ్యతగా రాళ్లన్నీ తీసేశాడు.

చూశారా, ఇందులో దుర్మార్గమేమీ లేదు. ఒక మనిషిని మర్చిపోవడానికి దుర్మార్గం అక్కర్లేదు.

నిహాల్ చీలిక దగ్గరికొచ్చింది. రాళ్లు లేవు. తెరిచి ఉన్నట్టు కనిపించిన వైపు నడిచింది. ఆ దారి వంకలు తిరిగి తిరిగి, ఎక్కలేని నున్నటి గోడ ముందు ఆగిపోయింది. వెనక్కి తిరిగితే ఏ వంకలోంచి వచ్చిందో తెలియలేదు. ఎండ శిఖరాల మీదికి పాకింది. చీకటి పడితే ఆ ఎత్తులో సీసాలో నీళ్లు గడ్డకడతాయి. ఆమె సీసాలో గడ్డకట్టడానికి కూడా నీళ్లు లేవు, గుక్కెడు తప్ప.

"తామిర్! ఇటు రా! దారి తప్పాను!"

మాటలు నోట్లోంచి ఊడి కాళ్ల దగ్గరే పడ్డాయి.

"ఉమ్ మిస్లిహ్! ఎటు రావాలో చెప్పండి!"

అవీ పడ్డాయి.

బాదం తోట దగ్గర ఉమ్ మిస్లిహ్ టీ పోస్తూ, ఒక గ్లాసు మిగలడం చూసి లేచి నిలబడింది. అప్పుడు తెలిసింది వాళ్లకు.

"నిహాల్! ఎక్కడున్నావ్? సంచులన్నీ నీ లెక్కలోనే ఉన్నాయే!" అని అరిచాడు తామిర్.

"ఆ పిలుపేంట్రా, పనిమనిషిని కేకేసినట్టు?" అంది ఉమ్ మిస్లిహ్. "ఇలాంటివి కొండ మొయ్యదు. ఆ పిల్లతో మీకేమీ పని లేనట్టు పిలవండి."

ఇంజీ నోరు తెరిచింది. పిలుపు రాలేదు. ఎంత వెతుక్కున్నా నిహాల్‌తో తనకున్న పనులే గుర్తొచ్చాయి. నోరు మూసుకుని మంట ముందు చతికిలబడింది.

అక్కడ గోడ కింద నిహాల్ కూడా కూర్చుంది. అరవడం మానేసింది. రోజంతా అన్ని పేర్లు పిలుస్తాను కదా, వాటిలో ఊరికే పిలిచిన పేరు ఒక్కటైనా ఉందా అనుకుంది. లేదు. తను మాత్రం ఎవరికి పంపిందని తనకు రావాలి?

అప్పుడు ఆ తెల్లవారుజామున బస్సులో జరిగింది గుర్తొచ్చింది. ఇంజీ తన భుజం మీద నిద్రపోయి, నోరు తెరిచి, చొంగతో జాకెట్టంతా తడిపేసింది. మరక ఇంకా అక్కడే ఉంది. నిహాల్‌కు నవ్వొచ్చింది.

"ఇంజీ," అంది మెల్లగా. ఏమీ అడగలేదు.

ఆ పిలుపును రాయి అందుకుంది.

మంట దగ్గర ఇంజీ చేతిలో టీ ఒలికింది. చెవి పక్కనే తన పేరు. అందులో తియ్యాల్సిన ఫొటో లేదు, వెతకాల్సిన వస్తువు లేదు.

"నిహాల్," అంది తనకే తెలియకుండా.

గోడ కింద నిహాల్ తలెత్తింది. మళ్లీ వచ్చింది పిలుపు, ఎడమవైపు వంకలోంచి. అటు నడిచింది. మలుపు మలుపుకూ ఆ పేరు ముందు నిలబడి ఉంది. చెట్ల కింద మంట కనబడగానే అటు పరుగెత్తింది.

తామిర్ "నీ లైటరు..." అనబోయాడు. ఉమ్ మిస్లిహ్ కర్రతో అతని మోకాలి మీద ఒక్కటిచ్చింది.

"కూర్చో బిడ్డా," అని చల్లారిన టీ తీసేసి వేడిది పోసింది. ఎవరూ ఏమీ అడగలేదు. మర్నాడు కొండ దిగుతున్నప్పుడు తామిర్ దుప్పటి తామిర్ వీపు మీదే ఉంది. చివర నడిచింది ఇంజీ.

ఆదివారం నిహాల్ మళ్లీ పేర్లు పిలిచింది. సాయంత్రం బొంగురు గొంతుతో ఇంటికొచ్చి, దీపం వేసి, అమ్మ కుర్చీ ఎదురుగా కూర్చుంది. ఇల్లు ఎప్పటిలాగే ఉంది. ఫోన్ మోగింది.

"చెప్పు ఇంజీ, ఏం కావాలి?" అంది అలవాటుగా.

"ఏమీ లేదే," అంది ఇంజీ. "నిహాల్. అంతే."

ఇది చదువుతుంటే మీకు ఒక పేరు తట్టింది. ఎప్పుడూ చివర నడిచే మనిషి. మీరుండే చోట అలాంటి కొండలు లేవు, మీ పిలుపును మోసుకెళ్లి ఇవ్వడానికి. మీరే పిలవాలి. రేపు కాదు, ఈ కాగితం పక్కన పెట్టి ఇప్పుడే. ఏం పని అని అడుగుతారు. సాకు వెతక్కండి. ఏ పనీ లేదని చెప్పండి.