మెరక

మట్టి దగ్గర మొదలైంది తగాదా. అంతకు ముందు అమ్మణ్ణికీ, ఆవిడ మరిది దక్షిణామూర్తికీ మధ్య ప్రేమలు పొంగిపొర్లాయని కాదు. ఇల్లు పంచుకుని నడుమ గోడ కట్టుకున్ననాడే మాటలు తగ్గాయి. కానీ తగ్గడం వేరు, పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా తయారవడం వేరు.

తొంభై ఆరు తుపాను వెళ్ళాక దక్షిణామూర్తి తన వాకిట్లో మట్టి తోలించి మెరక చేశాడు. రిటైరైన హెడ్మాస్టరు, భార్య పోయి ఒక్కడే ఉంటున్నాడు, మళ్ళీ ఇల్లు మునగకూడదనుకున్నాడు. అందులో తప్పేం లేదు. అయితే అక్కడ నిలవని నీళ్ళు ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. గోడ అడుగున ఉన్న తూములోంచి సరాసరి అమ్మణ్ణి వంటింట్లోకి పోయాయి. బస్తాలో బియ్యం ముక్కిపోయింది. "కావాలనే చేశాడు" అందావిడ. కావాలని చేశాడో లేదో భగవంతుడికెరుక. ఆ మాట గోడ దాటి వెళ్ళి, "కావాలనే చేశాను, ఏం చేస్తుందిట?" అయి తిరిగొచ్చింది.

ఏం చేస్తుంది? బంగారంలాంటి తన చేను తవ్వించి, సత్తియ్య ట్రాక్టరు మీద మట్టి తోలించి, తన వాకిలి మరిది వాకిలికంటే ఎత్తు చేసింది. మరుసటి వానకి నీళ్ళు అటు పోయాయి. ఆయన తూము నోట్లో సిమెంటు కొట్టించాడు. నీళ్ళు ఇటే నిలిచాయి, ఈవిడ ఇంకా మట్టి పోయించింది. ఆ ఎత్తు మీంచి ఆవిడ మొహం కనబడుతోందని ఆయన గోడ మీద ఇంకో నాలుగు వరసలు లేపించాడు, అదీ పాత పునాది మీదే. కనబడి తీరతానని ఆవిడ మళ్ళీ మట్టి పోయించింది. ఇద్దరికీ బుద్ధి లేదు. ఆ మాట అన్నవాళ్ళు ఊళ్ళో లేకపోలేదు గానీ, ఎవరి దగ్గర అంటే వాళ్ళ శత్రువుల్లో కలిసిపోయేవారు.

చివరికి అమ్మణ్ణి తన వాకిట్లో నించుంటే గోడ ఆవిడ గుండెల దాకానే వచ్చేది. అటు దిగువన దక్షిణామూర్తి గోడ నీడన పడక కుర్చీ వేసుకుని పేపరు చదువుకునేవాడు. పైనుంచి ఆయన బట్టతల చూసినప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు మండేది.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టింది. తెరిపిచ్చిన రోజు కోడలు హైమ బట్టలారేద్దామని వెళ్ళి, పరుగున వెనక్కి వచ్చింది.

"అత్తయ్యగారూ, గోడ అటువైపుకి పొట్ట ఇచ్చిందండి. మట్టికీ గోడకీ మధ్య చెయ్యి దూరేంత సందుంది. చిన్న మామయ్యగారు దాని కిందే కూర్చున్నారు."

"నువ్వు చెప్పలేదూ?"

"చెప్పానండి. మీ అత్తగారు పంపించారా అన్నారు."

అమ్మణ్ణి వెళ్ళి చూసింది. నానిన మట్టి గోడని బయటికి నెడుతోంది. నీళ్ళు పోదామంటే తూము లేదు. పడితే పడనీ, తనకేం? అనుకుంది. అనుకున్నాక భయం వేసింది. తను ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు ఆయన నిక్కర్లేసుకునే పిల్లాడు. అన్నం కలిపి పెడితే తప్ప తినేవాడు కాదు.

"మూర్తీ" అని పిలిచింది. ఏళ్ళ తరవాత ఆ పిలుపు ఆవిడ నోటికే కొత్తగా ఉంది.

ఆయన పేపరు దించలేదు.

"గోడ ఒరుగుతోందయ్యా. లేచి అవతలికి వెళ్ళు."

"హైమ అయింది, ఇప్పుడు మీరా?" అన్నాడు పేపరు వెనకనించే. "భయపెట్టి ఈ గోడ పీకించేస్తే మీ మురుగంతా నా వాకిట్లోకి తోలచ్చని కదూ. ఉద్యోగమంతా పిల్లల అబద్ధాలు విన్నవాణ్ణండి వదినగారూ."

"నీ మంచికే చెబుతున్నాను."

"మీరు నా మంచి కోరుతున్నారంటే అసలే నమ్మను."

అంటూనే లేచాడు. హమ్మయ్య, వెళ్తున్నాడనుకుందావిడ. దక్షిణామూర్తి కుర్చీని ఈడ్చుకొచ్చి గోడకి ఆనించి వేశాడు. ఏం చేస్తావో చెయ్యి అన్నట్టు ఆవిడ వంక ఒకసారి చూసి, అందులో కూర్చుని పేపరు ఎత్తాడు.

అమ్మణ్ణికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయితే అక్కడే చావు" అంది, వీధిలో వాళ్ళకి కూడా వినబడేలా.

వెనక్కి తిరిగి అరుగు దాకా వెళ్ళిందో లేదో, గోడ కూలింది. దాని వెనకే ఆవిడ ఇన్నేళ్ళుగా పోయించిన మట్టంతా జారిపోయింది.

అందరికంటే ముందు ఆ మట్టిలోకి దిగింది అమ్మణ్ణే. "మూర్తీ, మూర్తీ" అని ఏడుస్తూ వట్టి చేతులతో ఇటుకలు లాగింది. గోళ్ళు విరిగి నెత్తురు కారుతున్నా ఆగలేదు. హైమ వచ్చింది, వీధిలోంచి సత్తియ్యా ఇంకొందరూ పరిగెత్తుకొచ్చారు. ముందు తల బయటపడింది, తరవాత ఛాతీ. కాళ్ళు ఇంకా ఇటుకల కిందే ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది.

దక్షిణామూర్తి కళ్ళు తెరిచి, ఎదురుగా వదినగారిని చూశాడు.

"చావమంది" అన్నాడు అందరికీ వినబడేలా. "చావమని, గోడ తోసేసింది. మీరంతా సాక్ష్యం."

సత్తియ్య ఆవిడ వైపు తిరిగాడు. "ఏంటమ్మగారూ ఇది?"

"కాదండీ," హైమ అడ్డం వచ్చింది, "అత్తయ్యగారు లేవమని చెప్పడానికే..."

ఆ ఒక్క ముక్క చాలు. తను కూడా అదే అంటే సరిపోయేది. కానీ ఆ మట్టి కొట్టుకున్న మొహంలో, ఇందాక కుర్చీ గోడకి ఆనించినప్పటి చూపు ఇప్పటికీ అలాగే ఉంది. దాన్ని చూస్తూ చూస్తూ అమ్మణ్ణి ఏడుపు ఆగిపోయింది.

"అవునయ్యా, నేనే తోశాను" అంది. "నువ్వు బతికి బయటపడ్డావనే నా బాధంతా."

హైమ ఆవిడ నోరు మూయబోయింది గానీ, అప్పటికే సత్తియ్య చేతిలో ఇటుక కింద పెట్టేసి, ఆవిడకి ఎడంగా జరిగి నిలబడ్డాడు.